సంపూర్ణ పోటీ ఎక్కడుంది? ఎకనామిక్స్ ప్రమేయాలను పరీక్షించే పద్ధతి

డిగ్రీలో సంపూర్ణ పోటీ పాఠం మొదలవగానే చాలామంది విద్యార్థులకు ఒకే చిరాకు పుడుతుంది. లెక్కలేనంతమంది అమ్మేవాళ్లు, లెక్కలేనంతమంది కొనేవాళ్లు, అందరి సరుకూ ఒకే రకం, అన్ని ధరలూ అందరికీ తెలుసు, ఎవరైనా ఎప్పుడైనా మార్కెట్లోకి రావచ్చు, పోవచ్చు. ఇలాంటి మార్కెట్ ఎక్కడుందని అడిగితే "అది ప్రమేయం, అలా అనుకోవాలంతే" అంటారు. ప్రమేయమంటే సిద్ధాంతం కట్టడానికి ముందే నిజమనుకునే మాట. ఆ జవాబు చాలదు. విద్యార్థి అడిగింది న్యాయమైన ప్రశ్నే. అయితే "ఇది నిజం కాదు" అన్నంత మాత్రాన సిద్ధాంతానికి వచ్చే నష్టమేమీ లేదు, ఎందుకంటే నిజం కాని ప్రమేయం ప్రతి సిద్ధాంతంలోనూ ఉంటుంది. ఆ ప్రమేయం తీసేస్తే జవాబు మారుతుందా? మారితే ఎటు, ఎంత? ఇవి తేల్చినప్పుడే విమర్శకు బలం వస్తుంది. తేల్చడానికి ఒక నోటుపుస్తకం, పదో తరగతి బీజగణితం చాలు. ఒక ప్రయోగానికి మాత్రం పదిహేడు మంది కావాలి.

రాయని ప్రమేయాలను ముందు బయటకు లాగండి

పాఠ్యపుస్తకం ఐదో ఆరో ప్రమేయాలు వరుసగా ఇస్తుంది. అసలు చిక్కు ఆ జాబితాలో లేనివాటితోనే. వాటిని పట్టుకోవాలంటే జాబితా పక్కనపెట్టి డిమాండ్, సప్లయి రేఖల పటం ముందు పెట్టుకోండి. ప్రతి గీత దగ్గరా, ప్రతి బిందువు దగ్గరా "ఇది ఇలా ఉండాలంటే ఏది నిజమై ఉండాలి?" అని అడిగి జవాబు పక్కనే రాయండి.

డిమాండ్ రేఖ దగ్గర తేలికే: ఆదాయం, అభిరుచులు, మిగతా వస్తువుల ధరలు స్థిరం. సప్లయి రేఖ దగ్గర చాలామంది ఒకటి వదిలేస్తారు. అమ్మేవాడు ధరను తన చేతిలో లేనిదిగా తీసుకుంటేనే సప్లయి రేఖ అనేది ఉంటుంది. ఏకస్వామ్యంలో, అంటే అమ్మేవాడు ఒక్కడే ఉన్నచోట, సప్లయి రేఖే ఉండదు, కాబట్టి ఆ రేఖ గీసిన క్షణమే పోటీ ఉందని ఒప్పుకున్నట్టు.

రెండు రేఖలూ కలిసే బిందువు దగ్గర ఇంకా లోతైన ప్రశ్న ఉంది. అందరూ ధరను స్వీకరించేవాళ్లే అయితే ధరను మార్చేది ఎవరు? ఆర్థికవేత్త కెనెత్ యారో 1959లో ఈ ప్రశ్నను సూటిగా లేవనెత్తాడు. అంతకుముందు తరం ఆర్థికవేత్త లియోన్ వాల్రా పేరుతో వచ్చిన పాత సమాధానం ఒక ఊహాజనిత వేలంపాటగాడు. ధర పలుకుతాడు, డిమాండ్, సప్లయి సరిపోకపోతే మార్చి పలుకుతాడు, సరిపోయేదాకా ఒక్క బేరమూ జరగనివ్వడు. ఈ వేలంపాటగాడు మీ పాఠంలో కనిపించకపోవచ్చు, కానీ పటంలో ఉన్నాడు.

ఇక వినియోగదారుని మిగులు (ఇవ్వడానికి సిద్ధపడిన ధరకు, నిజంగా ఇచ్చిన ధరకు మధ్య తేడా) అని రంగు పూసిన త్రికోణం. ధనికుడి దగ్గరి రూపాయి, పేదవాడి దగ్గరి రూపాయి ఒకే విలువగలవని ఒప్పుకుంటేనే అందరి మిగులునూ కూడగలం. పైగా చేతిలో డబ్బున్నవాడి కోరికే డిమాండ్‌గా లెక్కకు వస్తుంది, ఆకలి రాదు. ఇది చిన్న విషయం కాదు. 1943 బెంగాల్ కరువు మీద అమర్త్య సేన్ వేసిన లెక్క ప్రకారం ఆ ఏడు అందుబాటులో ఉన్న తిండిగింజలు 1941లో కంటే ఎక్కువే. బియ్యం ధర ఎగిసింది, కూలి దానితోపాటు పెరగలేదు, భూమిలేని కూలీలు లక్షల్లో చనిపోయారు. మార్కెట్ సమతౌల్యంలో ఉందన్న మాటకు, అంటే డిమాండ్, సప్లయి సరిపోయాయన్న మాటకు, మనుషులు బతికి ఉన్నారన్న మాటకు సంబంధం లేదు. పటం దాచిపెట్టే ప్రమేయాలన్నింటిలో విద్యార్థి ఎప్పటికీ మరవకూడనిది ఇదే.

ఏ ప్రమేయం ఏ రకమో తేల్చండి

"అలా అనుకోవాలంతే" అనే జవాబుకు మూలం మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1953లో రాసిన వ్యాసం. ప్రమేయాలు వాస్తవికంగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం కాదు, సిద్ధాంతం చెప్పిన జోస్యం ఫలించిందా లేదా అన్నదే ముఖ్యం అన్నది ఆయన వాదం. ఇందులో కొంత బలం ఉంది. కానీ జోస్యం తప్పినప్పుడు ఏ ప్రమేయం వల్ల తప్పిందో ఈ వాదం చెప్పదు. తాత్వికుడు అలన్ మస్‌గ్రేవ్ 1981లో చేసిన విభజన విద్యార్థికి ఎక్కువ పనికొస్తుంది. ఆయన ప్రకారం ప్రమేయాలు మూడు రకాలు.

మొదటిది ఉపేక్షించదగినది: నిజం కాదు, కానీ తీసేసినా జవాబు పెద్దగా మారదు. రెండోది పరిధిని చెప్పేది: ఇది నిజమైన చోటే సిద్ధాంతం వర్తిస్తుంది. మూడోది మెట్టులాంటిది: లెక్క తేలిక కావడానికి ఇప్పుడు పెట్టుకుని, తర్వాతి అధ్యాయంలో తీసేసేది.

పరిధికి మంచి ఉదాహరణ "సజాతీయ వస్తువు", అంటే అందరి సరుకూ ఒకే రకం అన్నది. గుంటూరు మిర్చి యార్డులో "మిర్చి ధర" అని ఒకటి లేదు. తేజ రేటు వేరు, 334 రేటు వేరు, బ్యాడిగి రేటు వేరు, అందులోనూ తాలు కాయ రేటు వేరు. మొత్తం మిర్చిని ఒకే మార్కెట్ అనుకుంటే ప్రమేయం కూలిపోతుంది. ఒకే రకం, ఒకే నాణ్యత, ఒకే రోజు అని మార్కెట్‌ను కుదిస్తే చాలావరకు నిలబడుతుంది. కాబట్టి "ప్రమేయం అబద్ధం" అనే ముందు మార్కెట్‌ను ఎంత వెడల్పుగా గీశారో చూసుకోండి.

మెట్టు రకానికి రొనాల్డ్ కోస్ 1960లో రాసినది చూడండి. బేరానికి ఖర్చే లేకపోతే, హక్కు ఎవరికిచ్చినా ఇరుపక్షాలూ మాట్లాడుకుని సమర్థమైన ఫలితానికే వస్తారని వాదన. బేరానికి ఖర్చు లేకపోవడమేమిటని విద్యార్థులు విసుక్కుంటారు. కోస్ చూపాలనుకున్నదీ అదే. నిజజీవితంలో బేరానికి ఖర్చు ఉంది, కాబట్టి చట్టం హక్కును ఎవరికిచ్చిందన్నది చాలా ముఖ్యం.

అన్నింటికంటే ఎక్కువ తిట్లు తినే ప్రమేయం హేతుబద్ధత, అంటే ప్రతివాళ్లూ ఆలోచించి తమకు అత్యంత మేలైనదే ఎంచుకుంటారన్నది. గ్యారీ బెకర్ 1962లో చూపిన లెక్కను మీరే ఐదు నిమిషాల్లో చేయవచ్చు. ఒక వ్యక్తి చేతిలో 120 రూపాయలు, టీ 10 రూపాయలు. మిగిలిన డబ్బు వేరే వాటికి. అతను ఏమీ ఆలోచించకుండా, కళ్లు మూసుకుని, సున్నా నుంచి పన్నెండు కప్పుల మధ్య ఏదో ఒకటి ఎంచుకుంటాడు. అలాంటివాళ్లు వందలమంది ఉంటే సగటు ఆరు కప్పులు. టీ 15 రూపాయలైతే గరిష్ఠం ఎనిమిది, సగటు నాలుగు. ధర పెరిగింది, డిమాండ్ తగ్గింది, హేతుబద్ధత అక్కర్లేకపోయింది. జేబులో డబ్బుకు హద్దు ఉండటమే చాలింది.

అయితే "వినియోగదారు తనకు అత్యంత మేలైనదే ఎంచుకున్నాడు, కాబట్టి ప్రభుత్వం జోక్యం అక్కర్లేదు" అన్న ముగింపు మాత్రం ఈ లెక్కతో రాదు. దానికి హేతుబద్ధత తప్పనిసరి. ఒకే ప్రమేయం ఒక ఫలితానికి ఉపేక్షించదగినది, ఇంకో ఫలితానికి ప్రాణం. అందుకే నోటుపుస్తకంలో ప్రమేయం పక్కన రకం ఒక్కటే రాస్తే చాలదు, ఏ ఫలితం కోసం అన్నది కూడా రాయాలి.

ఒక్క ప్రమేయం తీసి లెక్క మళ్లీ చేయండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. కనీస వేతనం పెంచితే ఉపాధి తగ్గుతుందన్న ఫలితాన్ని తీసుకుందాం. దాని కింద ఉన్న ప్రమేయం: ఏ ఒక్క యజమానీ కూలి రేటును నిర్ణయించలేడు.

ఒక ఊరు. L మంది కూలీలు రావాలంటే రోజు కూలి 200 + 5L రూపాయలు ఇవ్వాలి. పనిలో చేరిన చివరి కూలీ వల్ల వచ్చే అదనపు విలువ 500 − 10L. చాలామంది రైతులు పోటీపడితే రెండూ సమానమయ్యే చోట ఆగుతాం: 200 + 5L = 500 − 10L. అంటే 20 మంది, కూలి 300.

ఇప్పుడు ఒక్కటే మార్చండి. ఊళ్లో పని ఇచ్చేది ఒక్క పెద్ద రైతే. మిగతావన్నీ పాతవే. 15 మంది ఉన్నప్పుడు కూలి 275. పదహారో మనిషి కావాలంటే 280 ఇవ్వాలి, కానీ అందరికీ అదే రేటు కాబట్టి మిగతా 15 మందికీ తలా 5 రూపాయలు పెంచాలి. పదహారో మనిషి ఖర్చు 280 + 75 = 355. అతని వల్ల వచ్చేది 340. రైతు 15 దగ్గరే ఆగిపోతాడు. సూత్రంతో చేస్తే (మొత్తం కూలి 200L + 5L² పెరిగే రేటు) అదనపు ఖర్చు 200 + 10L, దాన్ని 500 − 10L తో సమానం చేస్తే అదే 15 వస్తుంది.

ప్రభుత్వం కనీస కూలి 330 అని పెట్టిందనుకోండి. 500 − 10L = 330 అయ్యేది 17 దగ్గర. పోటీ ఉన్న ఊళ్లో ఉపాధి 20 నుంచి 17కు పడిపోయింది. ఒక్క యజమాని ఉన్న ఊళ్లో 15 నుంచి 17కు పెరిగింది. అదే చట్టం, అదే రేటు, అవే రేఖలు. ఒక్క ప్రమేయం మారగానే ఫలితం తలకిందులైంది. అక్కడితో ఆపకుండా హద్దు కూడా కనుక్కోండి. 300 దగ్గర ఉపాధి గరిష్ఠం, 20 మంది. 350 దగ్గర మళ్లీ 15. ఆ పైన పెంచితే ఈ ఊళ్లోనూ ఉపాధి మొదటికంటే తగ్గుతుంది: 400 పెడితే పదిమందే.

ఈ లెక్కలో విద్యార్థులు పడే పొరపాట్లు కొన్ని. రెండు ప్రమేయాలు ఒకేసారి తీసేస్తే ఏది దేనికి కారణమో తెలియదు, కాబట్టి ఒక్కోటే తీయండి. ఒకే అంకెల జతతో ఆగిపోతే ఫలితం ఆ అంకెల చలవ కావచ్చు. సప్లయిలోని 5ను 1 చేసి మళ్లీ చేయండి: పోటీలో ఉపాధి 27 దాటుతుంది, ఒక్క యజమాని ఉంటే 25. తేడా చాలా చిన్నదైంది. అంటే కూలీలు కొద్ది రేటు పెంపుకే ఎక్కువమంది వచ్చేచోట పోటీ ప్రమేయం ఉపేక్షించదగినదే, కదలలేని చోట కాదు. మూడోది, లోపాలు రెండు ఉన్నప్పుడు ఒకటి సరిచేస్తే పరిస్థితి తప్పక మెరుగవుతుందని అనుకోవడం. ఆర్థికవేత్తలు లిప్సీ, లాంకాస్టర్ 1956లోనే అది నిజం కాదని నిరూపించారు.

ఆధారం వెతకండి

కాగితం మీద ఫలితం తలకిందులైతే అది సాధ్యమని మాత్రమే తెలుస్తుంది. నిజంగా జరుగుతోందా అన్నది వేరే పని.

కనీస వేతనం మీద అందరూ ఉదహరించేది డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ 1994లో ప్రచురించిన పరిశోధన. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెరిగింది. పక్కనున్న పెన్సిల్వేనియాలో పెరగలేదు. రెండుచోట్లా 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పోల్చి చూస్తే న్యూజెర్సీలో ఉపాధి తగ్గిన జాడ లేదు. దాని మీద వాదోపవాదాలు చాలా ఏళ్లు నడిచాయి.

మనకు ఇంతకంటే దగ్గరి ఆధారం ఉంది, దాన్ని తెలుగు విద్యార్థులు తగినంతగా వాడుకోవడం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ చెల్లింపులకు స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు, 157 మండలాల్లో ఏవి ముందు ఏవి వెనుక అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. కార్తిక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ దాని ప్రభావాన్ని కొలిచి 2023లో ఎకనోమెట్రికా పత్రికలో ప్రచురించారు. పథకం సక్రమంగా నడిచిన చోట పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం పథకం డబ్బు కాదు, బయటి పనుల నుంచి వచ్చింది. "ఇంతకు తక్కువైతే రాను" అని కూలీలు మనసులో పెట్టుకునే రేటు పెరిగింది, ప్రైవేటు కూలి పెరిగింది, పనీ పెరిగింది. భూమి కొద్దిమంది చేతుల్లో ఎక్కువగా ఉన్న ఊళ్లలో ఉపాధి పెరుగుదల మరింత ఎక్కువ. పైన వేసిన పదిహేనుమంది కూలీల లెక్క ఏం చెబుతుందో సరిగ్గా అదే.

సమాచారం ప్రమేయానికి కేరళ కవళ్ల చేపల మార్కెట్ ఉంది. రాబర్ట్ జెన్సన్ 2007లో ప్రచురించిన పరిశోధన 1997 నుంచి 2001 వరకు ఉత్తర కేరళ తీరంలో సెల్‌ఫోన్లు దశలవారీగా వచ్చిన కాలాన్ని పరిశీలించింది. ఫోన్ రాకముందు ఒకే ఉదయం ఒక ఒడ్డున చేప అమ్ముడుపోక పారబోసేవారు, పదిహేను కిలోమీటర్ల లోపే ఇంకో ఒడ్డున కొనేవాళ్లకు చేప దొరికేది కాదు. పట్టిన చేపలో 5 నుంచి 8 శాతం వృథా. ఫోన్లు వచ్చాక ఆ వృథా దాదాపు పోయింది, జాలర్ల లాభం సుమారు 8 శాతం పెరిగింది, వినియోగదారు ధర సుమారు 4 శాతం తగ్గింది. "అందరికీ అన్ని ధరలూ తెలుసు" అన్న అబద్ధం ఖరీదు ఎంతో ఇక్కడ అంకెల్లో ఉంది. గంటల్లో పాడయ్యే సరుకు కాబట్టి అంత నష్టం. గోదాములో నిల్వ ఉండే ధాన్యానికి ఇదే శాతాలు అతికించకండి.

తరగతి గదిలో మార్కెట్ పెట్టండి

ఎనిమిదిమంది కొనేవాళ్లు, ఎనిమిదిమంది అమ్మేవాళ్లు, బోర్డు మీద రాయడానికి ఒకరు. కొనేవాళ్లకు 100, 90, 80, 70, 60, 50, 40, 30 అని రాసిన చీటీలు ఇవ్వండి, అంతకు మించి పెట్టకూడదు. అమ్మేవాళ్లకు 20, 30, 40, 50, 60, 70, 80, 90, అంతకు తక్కువకు అమ్మకూడదు. ఎవరి చీటీ ఎవరికీ చూపకూడదు. ప్రతివాళ్లూ రౌండుకు ఒకే వస్తువు. ఎవరైనా గట్టిగా ధర పలకవచ్చు. తర్వాత పలికేవాళ్లు అంతకంటే మెరుగైనదే పలకాలి. ఒప్పుకోగానే బేరం ముగిసింది, ధర బోర్డు మీదకు. రౌండు నాలుగైదు నిమిషాలు, అవే చీటీలతో ఐదు రౌండ్లు.

సిద్ధాంతం ప్రకారం ధర 60, బేరాలు ఐదు, మొత్తం లాభం 80 + 60 + 40 + 20 + 0 = 200. మొదటి రౌండులో ధరలు చెల్లాచెదురుగా ఉంటాయి, తర్వాతి రౌండ్లలో 60 వైపు దగ్గరవుతాయి. వెర్నన్ స్మిత్ 1962లో ఇలాంటి ప్రయోగాలతోనే దీన్ని చూపాడు, 2002లో నోబెల్ అందుకున్నాడు. పదహారు మందే, ఎవరికీ పూర్తి సమాచారం లేదు, అయినా ఫలితం వచ్చింది. లెక్కలేనంతమంది, సంపూర్ణ సమాచారం అన్న రెండు ప్రమేయాలూ ఈ ఫలితానికి అవసరం లేదన్నమాట.

ఇప్పుడు నియమం మార్చండి. గట్టిగా పలకడం లేదు, ఇద్దరిద్దరు పక్కకు వెళ్లి గుసగుసగా బేరమాడుకోవాలి, ధర బోర్డు మీద రాయకూడదు. ఎడ్వర్డ్ ఛాంబర్లిన్ 1948లో ఇలా చేస్తే ధరలు కుదురుకోలేదు, బేరాలు మాత్రం సిద్ధాంతం చెప్పిన దానికంటే తరచూ ఎక్కువయ్యాయి. కారణం మీ చీటీల్లోనే ఉంది. కొనేవాళ్లలో 100 చీటీవాడు అమ్మేవాళ్లలో 90 చీటీవాడితో, 90 వాడు 80 వాడితో, ఇలా చివరిదాకా జతకడితే ఎనిమిది బేరాలూ జరుగుతాయి, మొత్తం లాభం మాత్రం 80. కాబట్టి పుస్తకం జాబితాలో లేని ప్రమేయమే, అంటే ధర అందరికీ వినబడేలా బేరం జరగడమే, ఇక్కడ అసలు పని చేసింది.

ప్రయోగం చెడిపోయేది సాధారణంగా మూడు కారణాల వల్ల. 60–60 చీటీలవాళ్లకు లాభం సున్నా కాబట్టి బేరమాడరు, అందుకని ప్రతి బేరానికీ ఒక పాయింటు అదనంగా ఇవ్వండి. సరదాకి నష్టానికి కొనేవాళ్లు ఉంటారు, ఆ బేరం చెల్లదని ముందే చెప్పండి. రౌండు రౌండుకూ చీటీలు మార్చితే నేర్చుకోవడం తెగిపోయి ధరలు కుదురుకోవు. ఐదు రౌండ్లయ్యాకే మార్చండి.

జవాబుపత్రంలో ఇలా రాయండి

"సంపూర్ణ పోటీ ప్రమేయాలు వాస్తవదూరం, కాబట్టి ఈ సిద్ధాంతం పనికిరాదు" అన్న వాక్యానికి మార్కులు రావు, రాకూడదు కూడా. ముందు సిద్ధాంతాన్ని ఉన్నది ఉన్నట్టు, పటంతో సహా రాయాలి. దాన్ని సరిగ్గా చెప్పకుండా విమర్శ మొదలుపెడితే తెలియక తిడుతున్నారని దిద్దేవాళ్లు అనుకుంటారు. ఆ తర్వాత విమర్శకు ఒకే ప్రమేయాన్ని ఎంచుకోండి. పది మార్కుల ప్రశ్నకు ఐదు ప్రమేయాల మీద తలా ఒక వాక్యం రాయడం కంటే ఒక్కదాన్ని చివరిదాకా తీసుకెళ్లడం మేలు.

విమర్శ పేరా ఇలా ఉండవచ్చు: "కనీస వేతనం ఉపాధిని తగ్గిస్తుందన్న ఫలితం, యజమాని వేతనాన్ని నిర్ణయించలేడన్న ప్రమేయం మీద నిలబడింది. శ్రమను కొనే యజమాని ఒక్కడే అయితే అదనపు కూలీ ఖర్చు అతనికిచ్చే కూలి కంటే ఎక్కువ, కాబట్టి ఉపాధి ముందే తక్కువగా ఉంటుంది. అప్పుడు వేతనాన్ని ఒక హద్దు వరకు పెంచితే ఉపాధి పెరుగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో జరిగిన ఉపాధి హామీ పరిశోధనలో కూలి, ప్రైవేటు ఉపాధి రెండూ పెరగడం దీనికి అనుగుణంగా ఉంది."

దీని కింద పోటీ ఉన్న పటం, ఒకే కొనుగోలుదారు ఉన్న పటం పక్కపక్కన గీసి, అదే కనీస వేతనపు అడ్డగీతను రెండింటి మీదా ఒకే ఎత్తులో లాగండి. ఆ తర్వాత ఒక్క వాక్యం తప్పనిసరి: ఆ హద్దు దాటి వేతనం పెంచితే ఇక్కడా ఉపాధి తగ్గుతుందని. విద్యార్థులు ఎక్కువగా వదిలేసేది ఈ వాక్యాన్నే. అది లేకపోతే పోటీ ప్రమేయాన్ని గుడ్డిగా నమ్మినవాళ్ల స్థానంలో ఏకైక యజమాని ప్రమేయాన్ని గుడ్డిగా నమ్మినట్టవుతుంది.